పెద్ద తాళంతో చిన్న పనులు

ఫోను తెర మీద దమయంతి బొటనవేలు పెట్టింది. తెర ఎర్రగా మారింది. చీర కొంగుతో వేలు తుడుచుకుని మళ్లీ పెట్టింది. మళ్లీ ఎరుపే. చూపుడువేలు అయింది, ఎడంచేతి వేళ్లు అయ్యాయి, చివరికి మొహమాటపడుతూ చిటికెనవేలు కూడా ఆనించి చూసింది. ఒక్క వేలినీ ఆ ఫోను ఒప్పుకోలేదు.

"మీరేం పని చేస్తారమ్మా?" అని అడిగాడు ఫణీంద్ర. విశాఖపట్నంలోని ఆ ప్రయోగశాలలో పరికరాలు అమర్చే ఇంజనీరు అతను.

"జీడిపిక్కలు బాబూ. పలాసలో. పప్పు తీత్తాను."

చేతులు తిప్పి చూపించింది. జీడి నూనె ఏళ్ల తరబడి తినేసిన చేతులవి. వేలికొసల మీద గీతలన్నవే లేవు. చర్మం నల్లబడి, నున్నగా మెరుస్తోంది. రేషను దుకాణంలోనూ ఇదే బాధ. అత్తగారు సూరమ్మ వచ్చి వేలు వేస్తేనే ఆ ఇంటికి బియ్యం.

"పోనీ, మీ అత్తగారి వేలు పెడదామా?"

"ఆవిడ ఫోను ముట్టదు బాబూ. కాలతాదంటది."

"మీ ఆయనది?"

"ఆయన పొద్దత్తమానం గూడ్సు ఆటో మీదుంటాడు. పిల్లేమో నా దగ్గిరుంటాది. ఏదన్నా అయితే ఆయన వేలి కోసం నాను ఏ ఊరని పరిగెత్తను?"

గోడకి ఆనుకుని నిలబడ్డ ఆమె మొగుడు ఢిల్లేశ్వర్రావు నవ్వాడు. "అదిగో, అప్పుడే ఏదన్నా అయిపోనాది" అన్నాడు. దమయంతి అతనికేసి చూడలేదు. అద్దం తలుపు అవతల బల్ల మీద కూర్చుని కాళ్లూపుతున్న లిఖితనే చూస్తోంది. ఏడేళ్ల పిల్ల. కుడి చెవి వెనక దూదీ, పట్టీ. ఆ పట్టీ కింద చింతగింజంత పరికరం.

లిఖిత పుట్టుచెవిటిది. చెవిలో నరమే లేదు కనుక మామూలు మిషన్లేవీ పనికిరావన్నారు. ఈ గింజ చెవితో పని లేకుండా శబ్దాన్ని నేరుగా మెదడుకే అందిస్తుంది. అయితే, ఎప్పుడూ ఏమీ వినని మెదడుకి లోకంలోని రొదంతా ఒక్కసారి వదిలితే అదంతా ఒకటే హోరు. అందుకని గింజే ముందుగా నేర్చుకుంటుంది. ఇది అమ్మ పిలుపు, ఇది గాలి, ఇది గిన్నె పడిన చప్పుడు అని పగలు విన్నవన్నీ పిల్ల నిద్రపోయాక సర్ది, వేటికవి మెదడులో నాటుతుంది. మొక్క వేళ్లూనినట్టు అవి అక్కడ ఊనుకుంటాయి.

ఫోనులోంచి ఆ గింజతో పని చేయించడానికి రెండు ఖాతాలున్నాయి. ఇంటివాళ్లది చిన్నది. శబ్దం పెంచుకోవచ్చు, తగ్గించుకోవచ్చు. ఏం చేసినా ఆ రోజు వరకే, పిల్ల నిద్ర లేచేసరికి మళ్లీ యథాప్రకారం. బయటినుంచి కొత్తదేదైనా రాబోతే అది ముందు ప్రయోగశాలని అడుగుతుంది. రెండోది అడ్మిన్ ఖాతా. అది ప్రయోగశాలవాళ్లకే. అందులో చేసినది మెదడులో నాటుకున్న వేళ్లదాకా పోతుంది, ఎవర్నీ అడగదు.

ఇంటి ఖాతా వేలిముద్రతో తెరుచుకుంటుంది. అడ్మిన్ ఖాతాకి అంకెలు నొక్కితే చాలు.

ఫణీంద్ర గడియారం చూసుకున్నాడు. పలాస పోయే బండికి వేళవుతోంది. పెద్ద డాక్టరు వైదేహి గారు ఆ రోజు ఊళ్లో లేరు. "ఒక పని చేస్తానమ్మా" అంటూ దమయంతి ఫోనులో అడ్మిన్ ఖాతా పెట్టి, అంకెలు చెప్పాడు. "ఇది ఇల్లు కట్టిన మేస్త్రీ చేతిలో ఉండే తాళంలాంటిది. దీంతో గోడలు కూడా తీసెయ్యొచ్చు. మీరు మాత్రం లైటు వేసుకోడానికీ ఆర్పుకోడానికీ తప్ప వాడకండి. ముఖ్యంగా ఎవరేం పంపినా తెరవకండి. మీరు ఈ తాళం పట్టుకుని తలుపు తీస్తే, లోపలికి వచ్చినవాడి చేతిలోనూ ఇదే తాళం ఉన్నట్టు లెక్క. వేలితో పని లేని బిళ్లొకటి చేయించి పంపిస్తాను. అది రాగానే దీన్ని తీసేద్దాం."

"అలాగే బాబూ" అంది దమయంతి. రైల్లో కూర్చున్నాక ఆ అంకెలు మనసులో మళ్లీ మళ్లీ చెప్పుకుంది. మరచిపోతే ఏమవుతుందో అని.

పిల్ల మొదట గుర్తుపట్టిన శబ్దం తల్లి గొంతే. ఒక మధ్యాహ్నం వాకిట్లో బొమ్మ గీసుకుంటున్న లిఖితని వెనకనుంచి "లిఖితా" అని పిలిచింది దమయంతి. పిల్ల చెయ్యి ఆగింది. మెల్లగా తల తిప్పింది. దమయంతి గుమ్మంలో చతికిలబడి ఏడ్చింది. సూరమ్మ కంగారుపడి, "ఏటే, ఏటయినాది?" అని పరుగున వచ్చి, సంగతి తెలిసి తనూ ఏడ్చింది.

ఏడేళ్లపాటు ఆ పిల్లని వెనకనుంచి పిలిచే యోగం లేకపోయింది దమయంతికి. నూతివైపు పోతుంటే పరుగెత్తి భుజం పట్టుకోవాలి. రోడ్డు దాటుతుంటే పరుగెత్తి జబ్బ పట్టుకోవాలి. అన్నం గిన్నె దించుతూ కూడా ఒక కన్ను పిల్ల మీదే. ఇప్పుడు గొంతు ఉంది. ఆ ఏడేళ్ల పిలుపులూ ఒక్కసారే బయటికొచ్చాయి. "ఒలే, మెల్లిగా! ఒలే, పడతావు! ఆ కుక్క దగ్గిరికి ఎల్లకు! మెట్టు సూసుకో! కత్తిపీట అక్కడుంది!" వంటింట్లోంచి, నూతి దగ్గర్నుంచి, జీడిపిక్కల బట్టీలో పని దిగి వస్తూ వీధి మొదట్లోంచి. ఢిల్లేశ్వర్రావు ఆటో ఆపుకుంటూ, "పిల్లకి చెవులొచ్చాయి గానీ మనకి పోయేలాగున్నాయి" అనేవాడు.

"నీకేటి, బండెక్కి పోతావు. దానికేదన్నా అయితే?"

"ఏటవుద్ది?"

"అయితే ఏటి సేత్తావని అడగతన్నాను."

దమయంతి దగ్గర ఎప్పుడూ ప్రశ్నే ఉండేది కనుక గెలుపు ఆమెదే.

ఫణీంద్ర చెప్పినట్టే కొరియర్లో బిళ్ల వచ్చింది. ఫోను వెనక ఆనిస్తే ఇంటి ఖాతా తెరుచుకుంటుంది. దమయంతి దాన్ని అటూ ఇటూ తిప్పి చూసింది. దీంతో అయితే శబ్దం పెంచడమూ తగ్గించడమూ తప్ప ఇంకేమీ కాదు. రేపు పిల్లకి ఏదైనా జరిగి, గింజ ఆగిపోయి, ఊళ్లో డాక్టరు లేక, రైలు లేక, విశాఖపట్నం ఫోను కలవక... అలాంటప్పుడు చేతిలో ఇంత చిన్న తాళమా? బిళ్లని పోపుల డబ్బా కింద పెట్టింది. వైదేహి గారు ఫోను చేసి, "అందిందా అమ్మా, దాన్నే వాడుతున్నారా?" అని అడిగితే, "ఆ, వాడతన్నాను మేడం" అంది. అడ్మిన్ ఖాతాని దూరంనుంచే తీసేయమని వైదేహి ఫణీంద్రతో చెప్పారు. అతనికి కొత్త పిల్లల పని తగిలి, రేపు చూద్దామనుకున్నాడు. రేపు రాలేదు.

గింజ పెట్టించుకున్న పిల్లల తల్లులందరికీ ఫోనులో ఒక గ్రూపుంది. దమయంతికి చదవడం నెమ్మది. అయినా అక్కడి ఒక్క మాటా వదలదు. ఒకరి బిడ్డకి జలుబు చేస్తే తన బిడ్డ నుదురు ముట్టుకుని చూస్తుంది. ఆ గ్రూపులో ఒకావిడ "నెమ్మది" అని ఒకటి పంపింది. ఇంజనీరింగు చదివిన వాళ్ల తమ్ముడు తయారుచేశాడట. పిల్లలు ఉలిక్కిపడకుండా చూస్తుందట.

ఉలికిపాటు లిఖితకీ ఉంది. కుక్కరు కూత వేస్తే చెవులు కాదు, కళ్లు మూసుకునేది. ఉరిమితే నాయనమ్మ చీరలో దూరేది. దమయంతి "నెమ్మది"ని నొక్కింది. ఒక్క క్షణంలో తెర మీద పచ్చటి టిక్కు పడింది.

మిగతా తల్లులు గ్రూపులో విసుక్కుంటున్నారు. "ప్రయోగశాల అనుమతి కావాలంటోంది", "మాకూ అంతే, వద్దన్నారు." దమయంతికి మటుకు ఎవరి అనుమతీ అవసరం లేకపోయింది. ఆమె ఆ సంగతి ఎవరికీ చెప్పలేదు. లోపల్లోపల కాస్త గర్వపడింది కూడా.

వారం తిరిగేసరికి ఇల్లు మారిపోయింది. కుక్కరు కూసినా లిఖిత తల ఎత్తడం లేదు. వీధి కుక్కలు అరుచుకుంటుంటే పక్కనే కూర్చుని బొమ్మలు గీసుకుంటోంది. "సూసినావా అత్తా, ఎంత బాగా కుదుటపడినాదో" అంది దమయంతి. సూరమ్మ తమలపాకు మడుస్తూ, "మరీ అంత కుదురేటే పిల్లకి" అంది. దమయంతి ఆ మాట పట్టించుకోలేదు.

కొన్నాళ్లకి పిల్ల పిలిస్తే పలకడం తగ్గించింది.

మొదట దమయంతి అది పొగరనుకుంది. ఆటలో పడిందనుకుంది. ఇంకాస్త గట్టిగా పిలిచింది. తర్వాత భయం మొదలైంది. భయంతో ఇంకా గట్టిగా పిలిచింది. గింజ ఆగిపోయిందేమోనని ఫోను తీసి చూస్తే అంతా పచ్చగానే ఉంది. పైగా సూరమ్మ నోట్లో ఆకు పెట్టుకుని, "లిఖీ, రావే" అని గొణిగితే చాలు, ఎక్కడున్నా వచ్చేస్తోంది. ఢిల్లేశ్వర్రావు ఆటో మలుపు తిరగకుండానే గుమ్మంలో నిలబడుతోంది. బడిలో పంతులమ్మ చెప్పిన పాట ఒక్క ముక్క తప్పకుండా పాడుతోంది.

ఒక ఆదివారం అన్నం తింటూ లిఖిత తల్లి మొహంలోకి చాలాసేపు చూసింది. కొత్తగా నేర్చుకున్న మాటలు ఒక్కొక్కటే పేర్చుకుంటూ అడిగింది.

"అమ్మా, నువ్వు నోరు ఆడిత్తావు గానీ మాట్లాడవేటి?"

దమయంతి చేతిలో ముద్ద అలాగే ఉండిపోయింది. "మాట్లాడతన్నాను కదే" అంది.

పిల్ల ఆ పెదాలకేసే చూస్తోంది. తర్వాత తండ్రివైపు తిరిగి, "నానా, అమ్మకేటైంది?" అంది.

మర్నాడే ముగ్గురూ విశాఖపట్నం వెళ్లారు.

వైదేహి గారు నడివయసు మనిషి. నెమ్మదిగా మాట్లాడతారు. గింజలో ఉన్నదంతా తన కంప్యూటరులోకి తెచ్చుకుని చూస్తూ, ఒకచోట ఆగి, వెనక నిలబడ్డ ఫణీంద్రవైపు తిరిగారు. "ఈవిడ ఇంకా అడ్మిన్‌లోనే ఉన్నారా?"

"వేలు పడలేదు మేడం. బిళ్ల పంపించాను. తీసేద్దామనే అనుకున్నాను..."

"అనుకున్నావు" అన్నారు ఆవిడ. అతను తల దించుకున్నాడు.

దమయంతి చీర కొంగు వేలికి చుట్టుకుంటూ, "ఆ బాబుదేటీ లేదు మేడం. బిళ్ల నానే వాడలేదు. పెద్ద తాళముంటే ధైర్నంగా ఉంటాదని..." అంది.

"ఈ 'నెమ్మది' చెడ్డవాళ్లు చేసిందేం కాదమ్మా. పిల్లలకి మంచి చేద్దామనే చేశారు. పాప గుండె ఏ శబ్దానికి దడదడలాడుతుందో చూసి ఆ శబ్దాన్ని తగ్గిస్తుంది, అంతే. ఇంటి ఖాతాలో అయితే మేం ఎలాగూ రానిచ్చేవాళ్లం కాదు. ఒకవేళ వచ్చినా తెల్లారేసరికి పోయేది. మీ ఫోనులో మీకున్న అధికారమంతా దానికీ వచ్చేసింది. అందుకే తగ్గించి ఊరుకోలేదు. నిద్రలో ఒక్కొక్కటే వేళ్లతో సహా తీసేస్తూ పోయింది."

"అంటే కుక్కరూ, కుక్కలూ..."

"అవి ముందు. చివరగా తీసింది ఇది." ఆవిడ ఒక బొత్తాం నొక్కబోయి, ఒక్క క్షణం తటపటాయించి నొక్కారు.

బల్ల మీది స్పీకర్లోంచి ఎవరో ఆడమనిషి కేక వినబడింది. గొంతు చీరుకుపోతున్నట్టు, ఎక్కడో ఇల్లు అంటుకున్నట్టు. "ఒలే! ఒలే, పడతావే! దిగే! నీకేదన్నా అయితే నానేటి సేత్తానే!"

దమయంతి ఉలిక్కిపడింది. "ఎవరు మేడం ఆవిడ? అలాగ అరుత్తన్నాది, పిల్లలు జడుసుకోరూ?"

ఢిల్లేశ్వర్రావు దగ్గరికి వచ్చి, ఆమె భుజం మీద చెయ్యి వేసి, "నువ్వేనే" అన్నాడు.

ఆమె స్పీకరుకేసి చూసింది. మొగుడికేసి చూసింది. మళ్లీ వినిపించమని అడగలేదు.

"కుక్కరూ, కుక్కలూ, ఉరుమూ ఇవన్నీ మా దగ్గర దాచిన శబ్దాలు" అన్నారు వైదేహి. "ఇప్పుడే తిరిగి పెట్టేస్తాను. మీ గొంతు అలా కాదు. అది పాప మీ ఇంట్లో, మీ నోటినుంచి విని నేర్చుకున్నది. గింజ ఆ చోటు ఖాళీగా ఉంచలేదు, చుట్టుపక్కల మాటలతో పూడ్చేసింది. మళ్లీ మీ గొంతు వినిపించినా ఆ మెదడు దాన్ని గొంతుగా తీసుకోదు."

"దారే లేదా మేడం?"

"ఒకటుంది. మొత్తం చెరిపేసి మొదటి రోజుకి తీసుకుపోవాలి. అప్పుడు మీ పిలుపుతోనే మళ్లీ మొదలుపెట్టొచ్చు. కానీ నాయనమ్మ పిలుపు, నాన్న బండి, బడిలో పాట అన్నీ పోతాయి. మళ్లీ వస్తాయో రావో చెప్పలేను. ఈ వయసులో మెదడు ఒకసారి నేర్చుకుంది. రెండోసారి నేర్చుకుంటుందని మాట ఇవ్వలేను. ఇంతవరకూ ఏ బిడ్డకీ అలా చెయ్యలేదు."

ఢిల్లేశ్వర్రావు, "తల్లి గొంతు ఇనబడకుండా పిల్ల ఎలా పెరుగుద్ది మేడం?" అన్నాడు. "సెరిపెయ్యండి. మళ్లీ నేర్పుకుంటాం. మేం ముగ్గురం కూకుని నేర్పుతాం."

దమయంతి లేచి అద్దం తలుపు దగ్గరికి వెళ్లింది. అవతల గదిలో లిఖిత ఒక్కర్తే ఉంది. పాత పంకా ఏదో కిర్రుకిర్రుమంటోంది కాబోలు, పిల్ల పైకి చూస్తూ నోటితో అలాగే "కిర్రు, కిర్రు" అంటోంది. అంటూ తనలో తనే నవ్వుకుంటోంది. ఏడేళ్లపాటు ఆ నోట్లోంచి ఏడుపు తప్ప మరేమీ వినలేదు దమయంతి.

ఎప్పుడూ చెడే ముందు తోచే మనిషి ఆమె. ఇప్పుడూ తోచింది. అంతా చెరిపేశాక పిల్ల ఇలాగే పైకి చూస్తుంది, పంకా తిరుగుతుంది, పిల్ల నోరు కదలదు. ఆ బొమ్మ కళ్ల ముందు స్పష్టంగా నిలిచింది. రెండో బొమ్మ కూడా వచ్చింది. పిల్ల పెద్దదవుతుంది, పాటలు పాడుతుంది, అందరితోనూ మాట్లాడుతుంది. తను పక్కనే కూర్చుని నోరాడిస్తూ ఉంటుంది. ఈ రెండింట్లో ఏది ఎక్కువ భయంగా ఉందో చూసుకుంది. తేల్చుకోడానికి ఆట్టే సేపు పట్టలేదు.

"ఉన్నది ఉంచీయండి మేడం" అంది.

"ఒసే, మరి నువ్వూ..." అన్నాడు ఢిల్లేశ్వర్రావు.

"ఇనబడకపోతే ఏటి? కనబడతాను కదా."

వైదేహి కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. "నెమ్మది"ని తీసేశారు. దమయంతి ఫోనులోంచి అడ్మిన్ ఖాతానీ తీసేశారు. ఫణీంద్ర ఇంకో బిళ్ల తెచ్చి, ఆమె అరచేతిలో పెట్టి, ఎలా ఆనించాలో చూపించాడు. ఆమె రెండుసార్లు చేసి చూసుకుంది.

"ఏదన్నా అయితే మేడం?" అని అడగకుండా ఉండలేకపోయింది.

"అయితే మాకు చెబుతారు. మీరొక్కరే చూసుకోవలసిన పని కాదమ్మా ఇది."

తిరుగు ప్రయాణంలో లిఖిత కిటికీ దగ్గర కూర్చుంది. తండ్రి దాని చెవి దగ్గర వంగి, అమ్మ గొంతు ఇక వినబడదని, అమ్మ మాట్లాడుతూనే ఉంటుందని, తనకి వినబడదంతేనని నిదానంగా చెప్పాడు. పిల్ల తల్లి ఒళ్లోకి జరిగి, చెయ్యెత్తి ఆమె గొంతు మీద పెట్టింది.

"మాట్లాడు" అంది.

దమయంతి మాట్లాడింది. ఏమందో పక్కనున్న మొగుడికి తప్ప తెలీదు.

"లోపల కదులతంది" అంది లిఖిత తండ్రితో, ఆశ్చర్యంగా. చెయ్యి అక్కణ్నుంచి తీయకుండానే నిద్రపోయింది.

నెలలు గడిచాయి. దమయంతి కేకలు తగ్గాయి. మానుకుందామని కాదు, వెయ్యడంవల్ల ఉపయోగం లేక. పిల్లతో ఏదైనా చెప్పాలంటే చేతిలో పని పక్కన పెట్టి, లేచి వెళ్లి, ఎదురుగా కూర్చుని చెప్పాలి. అలా లేచి వెళ్లేలోగా చెప్పాలనుకున్న భయాల్లో సగం ఆమెకే అక్కర్లేనివిగా తోచేవి. మిగతా సగం మాత్రం ఎక్కడికీ పోలేదు. పిల్ల బడికి వెళ్లి వచ్చేదాకా గుమ్మంలో నిలబడడమూ పోలేదు.

బడికి సెలవైన రోజున పిల్లని తనతో పాటు బట్టీకి తీసుకెళ్లింది. పెద్ద గేటు లోపల ఆవరణంతా జీడిపిక్కలు ఆరబోసి ఉన్నాయి. లిఖిత వాటి పక్కన గీసిన దారంట ముందు నడుస్తోంది, తల వంచుకుని, కాళ్లతో ఏదో లెక్క ఆడుకుంటూ. దమయంతి పది అడుగులు వెనక ఉంది. తలమీద గంప, కళ్లు పిల్ల మీద.

లోపల గోదాము దగ్గర బస్తాలు దించేసిన లారీ ఒకటి వెనక్కి వస్తోంది. పొట్టు ఎగిరి ఆవరణంతా మసకగా ఉంది. బాయిలరు హోరులో లారీ చప్పుడు కలిసిపోయింది. దమయంతి చూసేసరికి అది పిల్లకేసి వస్తోంది.

గుండెలోంచి కేక పైకి లేచింది. నోరు తెరిచింది. తెరిచిన నోరు అలాగే ఉండిపోయింది. ఆ కేక ఎవరికోసమో ఆ ఒక్కరికే అది అందదు.

గంప పడేసి పరుగెత్తింది.

లిఖిత అప్పటికే ఆగింది. తల ఎత్తి, హోరు మధ్యనుంచి ఏదో ఏరుకుంటున్నట్టు ఒక క్షణం నిలబడింది. వెనక్కి వచ్చే లారీ కొట్టే చిన్న బీప్, బీప్, బీప్. తర్వాత తొందరేమీ లేకుండా దారి పక్కకి జరిగింది. జరిగి వెనక్కి తిరిగి చూసేసరికి, తల్లి దారి మధ్యలో పరుగెత్తుకుంటూ వస్తోంది. లారీని కాదు, పిల్లనే చూస్తూ.

పిల్ల రెండడుగులు ఎదురొచ్చి ఆమె చెయ్యి పట్టుకుంది.

"అమ్మా, ఇటు రా. బండి వత్తంది" అంది.

దమయంతి నోరు మూసుకుని, కూతురు లాగిన వైపుకి నడిచింది.